ఎనిమిది డాలర్లూ గోదావరి నీళ్ళూ

1960ల్లో, 70ల్లో పైచదువులకు అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళ జ్ఞాపకాలు ఏ నాలుగు చదివినా ఒక అంకె తగులుతుంది: జేబులో ఎనిమిది డాలర్లు. తెలుగు సంఘాల మహాసభల సంచికల్లోనూ, పదవీ విరమణ చేసిన ప్రొఫెసర్ల, డాక్టర్ల ఆత్మకథల్లోనూ కథ ఇంచుమించు ఒకే దారిలో నడుస్తుంది. న్యూయార్క్‌లోనో షికాగోలోనో విమానం దిగడం, చలికి ఆగని సూటు, పెట్టెలో ఆవకాయ, ఎదురొచ్చేవాళ్ళు లేని విమానాశ్రయం, ఆ ఎనిమిది డాలర్లు. అక్కణ్ణుంచి కథ ఒక్క దూకులో సొంత ఇంటికో, ఆసుపత్రికో, కంపెనీకో చేరుతుంది. అంకె అబద్ధం అనను. అది దేనికి సాక్ష్యం అన్నదగ్గరే చిక్కు. చదివేవాళ్ళు దాన్ని పేదరికానికి కొలతగా తీసుకుంటారు, చెప్పేవాళ్ళలోనూ చాలామంది అలాగే తీసుకోమంటారు. నిజానికి అది ప్రభుత్వం పెట్టిన పరిమితి. 1947 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం కింద దేశం దాటే ప్రతి డాలరుకూ అనుమతి కావాలి. 1957లో మారకద్రవ్యం నిల్వలు అడుగంటాక పట్టు మరింత బిగిసింది. పరాయిదేశానికి టిక్కెట్టు కొనాలన్నా రిజర్వు బ్యాంకు వారి ‘పి’ ఫారం మీద ముద్ర పడాలి. 1960 మే నెలలో ఎయిర్ ఇండియా న్యూయార్క్‌కు విమానాలు నడపడం మొదలుపెట్టింది. ఆ టిక్కెట్టుకు వేలకు వేలు రూపాయల్లో కట్టొచ్చు గానీ చేతికి తీసుకునే డాలర్లు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టుకోవలసిందే. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక డాలరుకు ఏడున్నర రూపాయలు. అంటే ఎనిమిది డాలర్లు అరవై రూపాయలు. జేబులో అరవై రూపాయలున్న మనిషి వేల రూపాయల టిక్కెట్టు మీద ప్రయాణం చేస్తున్నాడంటే, అతని కథ జేబు దగ్గర మొదలైంది కాదు. జమీందారు కొడుకైనా బడిపంతులు కొడుకైనా అవే ఎనిమిది డాలర్లతో దిగాడు. ఇద్దరి మధ్య తేడాను పూర్తిగా చెరిపేసిన అంకె ఇద్దరి స్తోమతనీ ఎలా కొలుస్తుంది? ఆ రాకల చరిత్ర తెలియాలంటే జేబును పక్కనపెట్టి, మనిషి వెనక నిలబడ్డ ఆస్తిని లెక్కగట్టాలి. గోదావరి మధ్య డెల్టాకు తలదగ్గరున్న ఆత్రేయపురం నుంచి చూస్తే ఆ లెక్క బాగా తెలుస్తుంది.

ఆత్రేయపురం అనగానే ఇవాళ అందరికీ పూతరేకులే గుర్తొస్తాయి. ఆ ఊరి అసలు కలిమి మాత్రం నీళ్ళు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలిపోయి, ఆ రెంటి మధ్య కోనసీమ మొదలవుతుంది. ఆ మొదట్లోనే ఈ మండలం ఉంది. మధ్య డెల్టాకు నీళ్ళు వదిలే తలుపులు బొబ్బర్లంక దగ్గరున్నాయి. దిగువన లొల్ల లాకుల దగ్గర ఆ నీటిని కాలువలకు పంచుతారు. ఎన్నో సినిమాల్లో కనిపించిన ఆ లాకుల్ని చూసి పాటలు గుర్తుచేసుకుంటాం గానీ, అవి ఎంతమంది ఇళ్ళకు డబ్బుసంచీ మూతి విప్పాయో తలుచుకోం. 1830ల కరువుల్లో జనం చచ్చీ, ఊళ్ళు విడిచీ పోయిన రాజమండ్రి జిల్లాలో ఇంజనీరు ఆర్థర్ కాటన్ తలపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. వైనతేయ పాయ మీదుగా నాగరం లంకకు నీళ్ళు మోసే గన్నవరం అక్విడక్టు ఆ వెంటనే లేచింది. ఆ పనుల్లో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణం వీరన్న పేరు గోదావరి జిల్లాలవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. కాలక్రమాన మూడు డెల్టాలూ కలిపి దాదాపు పది లక్షల ఎకరాలు ఈ నీటికింద సాగయ్యాయి. అయితే పంట పెరిగిందనడంతో సరిపెట్టుకుంటే సగమే చెప్పినట్టు. నికరంగా నీరొచ్చే భూమి మీద అప్పు పుడుతుంది. వానమీద బతికే ఎకరాన్ని చూపిస్తే షావుకారు మొహం తిప్పుకుంటాడు. కాలువ కింది ఎకరం చూపిస్తే కాగితం రాసుకుంటాడు. పెళ్ళికైనా, వ్యాజ్యానికైనా, కొడుకు చదువుకైనా ఏ ఏడాదైనా ఎంతో కొంత డబ్బు పుట్టించగలగడం డెల్టా రైతుకు కాలువ ఇచ్చిన శక్తి. చాలా కుటుంబాల్లో తొలి పైచదువులు ఆ కాగితాల మీదనే సాగాయి. నీళ్ళు మాత్రం అందరి ఇళ్ళకూ ఒకేలా రాలేదు. పట్టా ఎవరి పేరున ఉంటే కలిమి వాళ్ళది. అగ్రహారాల బ్రాహ్మణులు, రాజులు, కాపులు, కమ్మవారు ఈ కాలువలకింద నిలదొక్కుకున్నారు. ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసిన మాలపల్లెలకూ మాదిగపల్లెలకూ దక్కింది కూలి.

కాలువకింద భూమి ఇచ్చిన మిగులు చదువుగా మారడానికి కాలేజీలు కావాలి. అవి కూడా ఎక్కువగా సర్కారు డబ్బుతోనో, దాతల డబ్బుతోనో లేచాయి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ, కాకినాడలో పిఠాపురం రాజావారి కాలేజీ పందొమ్మిదో శతాబ్దపువి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. 1946లో విశాఖపట్నం పేరుతో పుట్టిన ఇంజనీరింగ్ కాలేజీ కాకినాడలో స్థిరపడింది. అమలాపురంలో భానోజీ రామర్స్ కాలేజీ 1951లో, కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో మొదలయ్యాయి. లాకుల దగ్గర పడవెక్కిన ఊరి కుర్రాడు ఒక్క తరం గడిచేసరికి బస్సులో పోయి ఇంజనీరు కాగలిగాడు. ఆనాటి ఇంజనీరింగ్, మెడికల్ ఫీజులు నామమాత్రం. అసలు ఖర్చులో ఎక్కువ భాగం ప్రజల పన్నుల్లోంచి వచ్చింది. ఎనిమిది డాలర్ల కథల్లో ఈ పద్దు దాదాపు కనిపించదు.

ఈ లెక్కకు అన్నింటికన్నా కఠినమైన పరీక్ష యల్లాప్రగడ సుబ్బారావు జీవితం. లేమిలోంచి ప్రతిభతో పైకొచ్చిన మనిషి అనగానే తెలుగువాళ్ళు ముందుగా చెప్పే పేరు ఆయనదే. 1895లో భీమవరంలో పుట్టారు, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. అన్నదమ్ములిద్దరిని వారం పదిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల వ్యాధి తీసుకుపోయింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు కినుకకు గురై, ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా పుచ్చుకోవలసివచ్చింది. 1923 అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. ఖర్చుల కోసం పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. ఇందులో అతిశయం ఏమీ లేదు. ఆ తర్వాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద ప్రకటన, 1930లో పీహెచ్‌డీ, 1940 నుంచి లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన వచ్చాయి. తనవాళ్ళను చంపిన స్ప్రూకు మందుగా పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసిన బృందానికి ఆయనే పెద్ద. 1948లో అక్కడే పోయారు, మళ్ళీ ఈ నేల తొక్కలేదు. ఇంత లేమిలోంచి వెళ్ళిన మనిషి వెనక ఆస్తి ఏముంటుంది అనిపిస్తుంది. ఉంది. వైద్యం చదివించడంలో మామగారి చెయ్యి ఉంది. అమెరికా ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా ఇచ్చింది. సత్యలింగ నాయకర్ ఆ డబ్బు సంపాదించింది రంగూన్‌లో. కాకినాడ, కోరంగి రేవులనుంచి ఓడలెక్కి ‘రంగం’ పోయిన వేలాది గోదావరి కూలీలు బర్మా రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చిన కాలం అది. వాళ్ళలాగే రంగం వెళ్ళి పైకొచ్చిన మనిషి వీలునామా రాస్తే, ఆ ధర్మం హార్వర్డుకు దారి చూపింది. బోస్టన్‌లో రోగుల పాత్రలు కడిగిన చేతుల కష్టం గొప్పదే. ఆ చేతుల్ని బోస్టన్‌దాకా చేర్చినది బర్మా బజారుల్లో కూడిన తెలుగు సొమ్ము.

అవతలి గట్టున కూడా తలుపులు ఉన్నాయి, వాటికీ తాళాలున్నాయి. సుబ్బారావు దిగడానికి ఎనిమిది నెలల ముందు, 1923 ఫిబ్రవరిలో, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. 1917 చట్టం ఆసియాలో ఎక్కువ భాగాన్ని నిషేధ ప్రాంతంగా గీసింది. కూలీ వెళ్ళకూడదు గానీ విద్యార్థి వెళ్ళొచ్చు. అంటే అమెరికా గడప దగ్గర మొదటి వడపోత జరిగింది చదువు పేరుతో, ఆ చదువుకు మన ఊళ్ళో మూలం పట్టా. 1946లో ఏడాదికి 100 మంది భారతీయులకు వలస రావడానికి అవకాశం ఇచ్చారు. 1965 అక్టోబరులో లిండన్ జాన్సన్ సంతకం పెట్టిన చట్టం పాత కోటాలను ఎత్తేసి, చదువుకున్నవాళ్ళకు శాశ్వతంగా ఉండిపోయే దారి తెరిచింది. మన ఎనిమిది డాలర్లవాళ్ళు ఆ దారిన నడిచినవాళ్ళే. ఈలోపు రెండు ప్రభుత్వాలూ కలిసి ఆ బాటకు కంకర పోశాయి. 1950 ఫిబ్రవరిలో విద్యా మార్పిడికి ఫుల్‌బ్రైట్ ఒప్పందం కుదిరింది. 1951లో అమెరికా ఇచ్చిన 19 కోట్ల డాలర్ల గోధుమల అప్పు మీద వడ్డీలో కొంతభాగాన్ని విద్యా మార్పిడికే కేటాయించారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ సాయంతో ఏర్పడింది. ఆ కాన్సస్ స్టేట్ పుట్టుక కూడా భూమి మీదే. 1862 నాటి మోరిల్ చట్టం రాష్ట్రాలకు భూములిచ్చి, అవి అమ్మిన డబ్బుతో వ్యవసాయ, ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టమంది. ఆ భూములు అక్కడి ఆదివాసులనుంచి లాక్కున్నవి. మనవాళ్ళలో చాలామంది అసిస్టెంట్‌షిప్పులు అందుకున్నది ఇలాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనే. ఫీజు మాఫీ, నెలనెలా వేతనం. అది చేతికందేదాకా రెండు మూడు వారాలు నెట్టుకురావడానికే ఎనిమిది డాలర్ల పరీక్ష. ఆ వారాలు కష్టమైనవే, నలభై ఏళ్ళ తర్వాతా గుర్తుండేంత కష్టమైనవి. కానీ చరిత్రకారుడు ఆ మూడు వారాల్ని జీవితం మొత్తానికి పునాదిరాయిగా వెయ్యకూడదు.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం ఊహించగలిగినదే. ఈ లెక్కలన్నీ ఆ మనుషుల తెగువను తక్కువచేస్తున్నాయని అంటారు. ఉత్తరం రావడానికి పది, పదిహేను రోజులు పట్టే కాలం. ఫోను చెయ్యాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకుని ఎదురుచూడాలి. తండ్రి పోతే దహనానికి అందుకోలేరు. భూములున్న ఇళ్ళలో పుట్టినవాళ్ళందరూ వెళ్ళలేదు, వెళ్ళినవాళ్ళకే ఆ ధైర్యం ఉంది గదా అని వాదన. ఇందులో నిజముంది. ధైర్యం లేనిదే ఎవరూ వెళ్ళరు. అయితే ధైర్యం ఉన్నవాళ్ళ మధ్య ఎవరు వెళ్ళగలిగారు, ఎవరు వెళ్ళలేకపోయారు అన్న ప్రశ్నకు ధైర్యం జవాబివ్వదు. మరికొందరు, “మా నాన్న రెండెకరాలు అమ్మి పంపాడు, మాది కలిగిన కుటుంబం అంటారేమిటి” అని అడుగుతారు. అమ్మడానికి రెండెకరాలుండటమే ఇక్కడి అసలు సంగతి. 1973 భూసంస్కరణల చట్టం మాగాణి కమతానికి, నేల తరగతిని బట్టి, పది నుంచి ఇరవై ఏడు ఎకరాల పరిమితి పెట్టింది. ఆ చట్టం ఎంత నీరుగారినా, భూమిని భూమిగా పెంచుకునే దారి ఇరుకైందన్న సంగతి డెల్టా రైతుకు అర్థమైంది. మిగులును రైసు మిల్లులో పెట్టినవాళ్ళు, సినిమాల్లో పెట్టినవాళ్ళు ఉన్నారు, కొడుకు చదువులో పెట్టినవాళ్ళూ ఉన్నారు. ఎకరం అమ్మి పంపిన తండ్రి త్యాగం చేశాడనడం సబబే. ఆయన పెట్టుబడి కూడా పెట్టాడు. ఒకే పనిలో రెండూ ఉండొచ్చు, రెండోదాన్ని దాచాల్సిన పనిలేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. ఆనకట్ట నీళ్ళే కారణమైతే, ఆ నీళ్ళు చూడని ఊళ్ళనుంచి వెళ్ళినవాళ్ళ సంగతేమిటి? దరిశి చెంచయ్య మెట్టప్రాంతమైన కనిగిరి మనిషి. 1912లోనే అమెరికా వెళ్ళి, బర్క్‌లీలో చదువుతూ బ్రిటిష్ పాలనపై తిరగబడ్డ గదర్ పార్టీలో చేరి, తర్వాత జైలుపాలయ్యారు. ‘నేనూ నా దేశం’ అన్న ఆయన ఆత్మకథ తెలుగులో అమెరికా విద్యార్థి రాసుకున్న తొలి జ్ఞాపకాల్లో ఒకటి. ఆ పుస్తకంలో అమెరికా స్థిరపడే చోటులా కాక తిరుగుబాటు నేర్చుకునే చోటులా కనిపిస్తుంది. ఇప్పటి మహాసభల సంచికలు చదివినవాళ్ళకు ఆ తేడా వింతగా ఉంటుంది. ఇక తెలంగాణ, రాయలసీమలనుంచి ఈ నలభై ఏళ్ళలో వెళ్ళినవాళ్ళు లెక్కలేనంతమంది. మరోపక్క కావేరి డెల్టాకూ కాలువలున్నాయి, పంజాబుకూ ఉన్నాయి. కాబట్టి నీళ్ళు అమెరికాకు నేరుగా పారాయని అనడం నా ఉద్దేశం కాదు. విద్యార్థి వెనక ప్రతిసారీ ఏదో ఒక నిల్వ ఉంటుంది, చోటును బట్టి దాని రూపం మారుతుంది అన్నదే వాదన. హైదరాబాదు రాజ్యంలో అది దర్బారు స్కాలర్‌షిప్పు. సరోజినీ చట్టోపాధ్యాయ 1895లో ఇంగ్లండ్ వెళ్ళింది నిజాం ఇచ్చిన ఆసరాతోనే. కాకినాడలో అది రంగూన్ ధర్మం. ఆత్రేయపురం కాలువగట్లమీద అది మాగాణి. నిల్వ పేరు మారినా, ఏ నిల్వా లేనివాడు విద్యార్థి వీసా వరుసలో కనిపించడం అరుదు.

ఈ మాటకు రుజువు కోనసీమలోనే ఉంది, అదే నేలనుంచి సాగిన ఇంకో వలసలో. 1970లనుంచి రాజోలు, అమలాపురం వైపునుంచి పెద్దసంఖ్యలో జనం కువైట్‌కూ మస్కట్‌కూ బహ్రెయిన్‌కూ వెళ్ళారు. వాళ్ళలో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. వెళ్ళింది ఎక్కువగా భూమిలేని ఇళ్ళవాళ్ళు. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాసుకానివాళ్ళ పాస్‌పోర్టు మీద వలస అనుమతి కావాలన్న ముద్ర పడుతుంది. వాళ్ళను గల్ఫ్ లాంటి దేశాలకు పంపడానికి ప్రత్యేక అనుమతి అవసరం. కాలువ పక్కనే ఉన్న రెండు వీధుల్లో ఒకటి షికాగోకు, ఒకటి కువైట్‌కు పోవడం తలరాత వల్ల జరిగింది కాదు. విమానం దిగగానే పాస్‌పోర్టు యజమాని చేతికిచ్చి, తెలియని వంటింట్లోకి అడుగుపెట్టిన ఆడదాని భయం ఎనిమిది డాలర్ల కుర్రాడి భయానికి ఏమాత్రం తీసిపోదు. అయినా ఆ రాకలకు సంచికలు లేవు, ఆత్మకథలు లేవు. జ్ఞాపకం రాసుకోవడానికీ నిల్వ కావాలి కాబోలు. పూతరేకుల పనిని కూడా ఈ కోణంలోనే చూడాలి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట ఎగదోస్తూ, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ వీపుమీద ఒక్క విసురులో పరిచి, క్షణంలో ఎండిన పొరను చిరగకుండా లేపడం ఈ మండలంలో వందల ఇళ్ళ ఆడవాళ్ళ బతుకుతెరువు. పొద్దస్తమానం ఆ సెగ మొహానికి తగులుతూనే ఉంటుంది. నెయ్యీ బెల్లప్పొడీ జల్లి మడిచిన ఆ రేకులు ఈరోజు అమెరికా వెళ్ళే ప్రతి రెండో పెట్టెలోనూ ఉంటాయన్నా పెద్ద అతిశయోక్తి కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కోరిన తయారీదారుల సంఘం ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకుంది. ఆనకట్టకూ ఈ మిఠాయికీ ఉన్న లంకె వాళ్ళకు బాగా తెలుసు. రేకు మాత్రం సముద్రం దాటింది, కుండ దగ్గర కూర్చున్నవాళ్ళు దాటలేదు.

ఇదంతా పాత కథ, 1991 తర్వాత అంతా తిరగబడిందని మూడో అభ్యంతరం. తిరగబడిన మాట వాస్తవం. ఊరూరా ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక బీసీ, ఎస్సీ ఇళ్ళనుంచి తొలిసారి ఇంజనీర్లు వచ్చారు. 2001లో బ్యాంకుల విద్యారుణ పథకం, 2009నుంచి హైదరాబాదులోనే అమెరికా వీసా తోడయ్యాయి. వీసాకోసం మద్రాసు రైలెక్కే రోజులు పోయాయి. మారకద్రవ్యం సంగతైతే తలకిందులే. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు పంపుకోవచ్చని 2015నుంచి రిజర్వు బ్యాంకే అంటోంది. 2023–24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చాలా ఏళ్ళ తర్వాత చైనాను దాటాం. వాళ్ళు చదివే క్యాంపసుల్లో తెలుగు మాట వినపడనిది అరుదు. అయితే ఈ కొత్త విద్యార్థి వెనక ఏముందో చూడండి. బ్యాంకు మామూలు పథకంలో ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఇల్లో, పొలమో, లేకపోతే ఆస్తి ఉన్న మేనమామ సంతకమో కావాలి. హామీ అక్కర్లేదనే ఫైనాన్సు కంపెనీలు ఆ ధైర్యాన్ని వడ్డీలో కలుపుకుంటాయి. 1968 విద్యార్థికి జేబు ఖాళీ, వెనక మాగాణి నిండుగా ఉండేది. చదువుకు అమెరికా విశ్వవిద్యాలయమే జీతమిచ్చేది. ఇప్పటి ఎం.ఎస్. విద్యార్థికి కార్డు నిండా డాలర్లుంటాయి, వెనక పొలం బ్యాంకులో ఉంటుంది, ఫీజు తానే కడతాడు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు కట్టారు. 2019లో మిషిగన్‌లో, అమెరికా అధికారులే వలపన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుమీద 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకున్నారు. రెండు చోట్లా తెలుగు పిల్లలే ఎక్కువ. ఆ చదువులు ఎంచుకోవడంలో వాళ్ళ తప్పు లేదనలేం. తీర్చాల్సిన అప్పు నెత్తిమీదున్న మనిషికి క్లాసులకన్నా పని ముఖ్యమైపోవడంలో మాత్రం ఆశ్చర్యం లేదు. పాతవాళ్ళ కథలో అంకె చిన్నది, ఇప్పటివాళ్ళ కథలో అంకె పెద్దది. రెండు అంకెలూ పొలాన్ని దాచిపెడుతున్నాయి.

చివరికి, భూమీ లేక, వర్తకమూ లేక, అగ్రహారమూ లేక అమెరికా చేరినవాళ్ళే లేరా అని అడగొచ్చు. ఆత్రేయపురం ఇప్పుడున్న జిల్లా పేరులోనే జవాబుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబోతున్నారని తెలిసి, ఆ మే నెలలో అమలాపురంలో గొడవలు జరిగి ప్రజాప్రతినిధుల ఇళ్ళు తగలబడ్డాయి. ఆ పేరు తర్వాత ఖాయమైంది. ఆ పేరుగల మనిషి 1913 జూలైలో న్యూయార్క్‌లో దిగిన ఇరవై రెండేళ్ళ విద్యార్థి. కొలంబియా విశ్వవిద్యాలయంలో మూడేళ్ళు చదవడానికి బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌన్లు మంజూరుచేశారు. చదువయ్యాక పదేళ్ళు బరోడా కొలువులో పనిచెయ్యాలన్న ఒప్పందంతో. అంటే ఆయన వెనకా ఒక నిల్వ ఉంది, సంస్థానం ఖజానా. ఆస్తి లేనివాడు వెళ్ళాలంటే రాజ్యమే ఆస్తి స్థానంలో నిలబడాలి. షెడ్యూల్డు కులాల వారికి కేంద్రం 1954–55లో మొదలుపెట్టిన విదేశీ స్కాలర్‌షిప్పులు ఆ దారిలోవే, చాలా ఇరుకైనవి అయినా. కానీ అంబేద్కర్ రాసిపెట్టిన జ్ఞాపకాలకూ మన సంచికల జ్ఞాపకాలకూ పెద్ద తేడా ఉంది. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరున్న ఆ చిన్న రచనలో న్యూయార్క్‌లో దిగిన కష్టం ఊసే లేదు. అమెరికా, ఇంగ్లండ్‌లలో గడిపిన ఏళ్ళు తాను అంటరానివాడన్న ఎరుకనే చెరిపేశాయంటారు. ఆయన వర్ణించిన కష్టమైన రాక 1917లో బరోడా స్టేషన్లో రైలు దిగడం. ఒప్పందం ప్రకారం కొలువులో చేరడానికి వచ్చిన కొలంబియా విద్యార్థికి ఊళ్ళో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని దిగితే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు.